అర్థమైంది మేడం

కమలాపురం,
8 జనవరి 2025, బుధవారం.

చి॥ శ్రీవాసవికి అవ్వ ఆశీర్వదించి రాయునది.

అమ్మవారి దయవల్ల ఇక్కడ అందరమూ బాగున్నాము. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. నీరసం తగ్గకపోతే తగ్గిందని రాయవద్దు. పొద్దునపూట మజ్జిగ తాగడం మానలేదనే అనుకుంటున్నాను.

నీ దగ్గర నుంచి బయల్దేరి, గుంతకల్లులో బండి మారి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. మీ నాన్న స్టేషనుకు వచ్చాడు. దారి పొడుగునా ఒకటే మాట. పిల్ల ఆ ఆదోనిలో ఒంటరిగా జ్వరాలతో అవస్థ పడటం ఎందుకమ్మా, ఇక్కడికి వచ్చేస్తే మన అంగడి జీఎస్టీ లెక్కలైనా చూసుకుంటుంది కదా, అని. దానికి జవాబు నీ దగ్గర ఉండాలి.

ఇదంతా ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో నేను రెండు మాటలు అనేలోపే నువ్వు సరే అవ్వా అంటావు. సరే అన్నవాళ్ళకు ఇంకేం చెప్పగలం? నీ క్లాసులో పిల్లలు నీకు చేస్తున్నదీ అదే. ఉత్తరానికైతే మధ్యలో సరే అని అడ్డం పడలేవు.

నీ జ్వరానికని వచ్చి నీ దగ్గర ఉన్నన్నాళ్ళు నువ్వు చెప్పినదాన్ని ముందు ఒకచోట పెడతాను. తప్పుంటే దిద్దు.

నీ రెండో ఏడు బీకాం క్లాసుకు పదకొండు మంది పిల్లలు కోసిగి వైపు నుంచి పొద్దున ప్యాసింజరు బండిలో వస్తారు. వాళ్ళలో నాగలత అనే పిల్ల మాటిమాటికీ లేచి, మేడం మాకు అర్థం కాలేదు, ఇంకొకసారి చెప్పండి అనేది. నవంబరులో ఒకరోజు మీ ప్రిన్సిపాల్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చుని నీ పాఠం విన్నారు. ఆ రోజూ ఆ పిల్ల లేచింది, ఒకసారి కాదు. క్లాసు అయ్యాక ఆయన వరండాలో నిలబెట్టి నిన్ను ఏదో అన్నారు. ఏమన్నారో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు నాగలత మళ్ళీ లేచి మాకు అర్థం కాలేదు అనగానే నీకు కోపం వచ్చింది. అందరి తరఫునా మాట్లాడటానికి నువ్వేమన్నా వీళ్ళకు మేస్త్రీవా, ఎవరి సందేహం వాళ్ళే అడగాలి, కూర్చో అన్నావు. ఆదోని పిల్లలు నవ్వారు. ఆ పదకొండు మందినీ విడదీసి హాజరుపట్టీ వరుసలో కూర్చోబెట్టావు. ఆనాటి నుంచి వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. అర్థమైందా అంటే అర్థమైంది మేడం అంటారు. పరీక్ష పెడితే తెల్ల కాగితాలు ఇస్తారు. నాకు చెప్పడం రాదు అవ్వా, నేను ఈ పనికి పనికిరాను, వదిలేస్తాను అని జ్వరంలో కూడా నువ్వు కలవరించింది దీని గురించే.

ఇది నీ లెక్క. ఇప్పుడు నేను చూసింది చెబుతాను.

ఆ పదకొండు మందీ నిన్ను చూడటానికి ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. నువ్వు మందు వేసుకుని నిద్రపోతున్నావు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోండి అంటే ఎవరూ కూర్చోలేదు. నాగలత కూర్చున్నాక అందరూ కూర్చున్నారు. కాఫీ తాగుతారా అంటే తక్కిన పదిమందీ ఆమె మొహం చూశారు. తాగుతాం అవ్వా, టేషన్ నుంచి నడిసొచ్చినాం, చక్కెర రోంత జాస్తి ఎయ్యి అంది. అందరికీ కలిపి నీ ఒక్కదానికే ఉందా నోరు అని నేను ఊరికే అడిగాను. వెనక నుంచి ఒక కుర్రవాడు, ఆయమ్మ మా మేస్త్రీ అవ్వా, వాళ్ళమ్మ మా అమ్మోళ్ళకు మేస్త్రీ అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

నాగలత తల్లి పేరు హంపమ్మ. ఏటా కోసిగి నుంచి ఆడవాళ్ళను గుంపు కట్టించుకుని పనులున్న ఊళ్ళకు తీసుకుపోతుంది. మాది కమలాపురం అనగానే నాగలత మొహం విప్పారింది. ఏటా పసుపు తవ్వనీకి మా అమ్మోళ్ళు మీ ఊరికే వస్తారు గదవ్వా, సరుకులన్నీ నాగసుబ్బయ్య శెట్టి అంగట్లోనే, అంది. ఆయన మా ఆయనే, ఇప్పుడు ఆ అంగడి చూసేది మీ మేడం వాళ్ళ నాన్నే అన్నాను. అయితే పోయినేడు బెల్లంలో ఇసుక వచ్చింది మీ అంగట్లోనే, అంది. నా మొహాన అంత మాట అన్నవాళ్ళు ఈమధ్య లేరు. నాకు ఆ పిల్ల నచ్చింది. ఇసుక సంగతి మీ నాన్నను అడిగాను. నిజమే.

ఇక నాకు తోచింది విను. కూలికి పోయిన చోట రైతుతో మేస్త్రీ ఒక్కతే మాట్లాడుతుంది. తాగడానికి నీళ్ళు కావాలన్నా, ఒకామెకు ఒళ్ళు బాగాలేదన్నా ఆమే అడుగుతుంది. తక్కినవాళ్ళకు నోరు లేక కాదు. ఎవరికి వారు అడిగితే ఆ ఒక్కరినీ రేపటి నుంచి రావద్దనడం తేలిక. మేస్త్రీ అడిగితే అది గుంపు మాట. పరాయి ఊళ్ళలో బతకడానికి ఆ ఆడవాళ్ళు నేర్చుకున్న పద్ధతి అది. తల్లులు చేలో చేసినట్టే పిల్లలు నీ క్లాసులో చేశారు. కాలేజీ వాళ్ళకు పరాయి ఊరే కదా. నువ్వు ఆ ఒక్క నోరూ మూయించి, తక్కినవాళ్ళను తలా ఒక మూలకు పంపి, ఇప్పుడు అడగండి అన్నావు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఎవరి సందేహం వాళ్ళే అడగాలన్నది మంచి మాటే, నీకు చదువు చెప్పినవాళ్ళు నీకు అట్లాగే నేర్పారు. ఆ మెట్టు ఎక్కించాలంటే ముందు వాళ్ళు నిలబడిన మెట్టు దగ్గరికి నువ్వు దిగాలి. వాళ్ళను మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టు. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని నాగలతకు చెప్పు. గదికి పిలిపించి చెప్పవద్దు. అన్నది నలుగురిలో కనుక చెప్పేదీ నలుగురిలోనే చెప్పాలి. క్లాసులో నువ్వు వాడే, గోడమీద బొమ్మలు వేసే యంత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టి, పాఠం తెలుగులో చెప్పి, ఇంగ్లీషు పేర్లు చివర అందించు. అన్నిటికంటే ముందు, అర్థమైందా అని అడగడం మానెయ్యి. పెద్దవాళ్ళు ఆ ప్రశ్న అడిగితే ఔననడం తప్ప వాళ్ళ ఇళ్ళలో మర్యాదైన జవాబు లేదు. ఎక్కడిదాకా వచ్చింది అని అడుగు. అంగట్లో కొత్తగా చేరిన గుమాస్తాలకు నేను అట్లా అడిగే లెక్కలు నేర్పాను.

ఇది చేసి ఏమైందో రాయి. ఫోన్ వద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే అవ్వ,
రాజ్యలక్ష్మమ్మ.


కమలాపురం,
1 ఫిబ్రవరి 2025, శనివారం.

చి॥ శ్రీవాసవికి అవ్వ ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. నీ ఉత్తరం మంగళవారం అందింది. చేతిరాత కుదురుగా ఉంది, కనుక నీరసం తగ్గిందని నమ్ముతున్నాను. మజ్జిగ సంగతి మాత్రం రాయలేదు. రాయలేదంటే తాగడం లేదనే అర్థం.

నేను చెప్పినవన్నీ చేశానని రాశావు. పదకొండు మందినీ ఒకచోట కూర్చోబెట్టావు. క్లాసులో అందరి ముందు నాగలతకు సారీ చెప్పావు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. పాఠం తెలుగులో చెప్పావు. ఎక్కడిదాకా వచ్చింది అని అడిగావు. అంతా వచ్చింది మేడం అన్నారు. పరీక్ష పెడితే మళ్ళీ తెల్ల కాగితాలే. ఆ తర్వాతి వారం నుంచి నాగలత రావడమే మానేసింది. నన్ను చూడటం ఇష్టం లేకనే మానేసింది అవ్వా, ఒక ఆడపిల్ల చదువు నా నోటి దురుసు వల్ల ఆగిపోయింది, సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను అని రాశావు. మీ నాన్న అప్పుడే అంగట్లో నీకని ఒక బల్ల ఖాళీ చేయించాడు.

నా మందు పని చేయలేదని ఒప్పుకుంటాను. రోగం వేరే అయినప్పుడు మందు మంచిదైనా పని చేయదు. నువ్వూ నేనూ ఇద్దరం కలిసి రోగాన్ని తప్పుగా పోల్చుకున్నాం.

నాగలత ఇక్కడే ఉంది. హంపమ్మ గుంపు పసుపు తవ్వడానికి పోయిన ఆదివారం దిగింది. బుధవారం సాయంత్రం తల్లీకూతుళ్ళు సరుకులకు వచ్చారు. నన్ను చూడగానే నాగలత బియ్యం మూటల వెనక్కి జరిగింది. హంపమ్మ ఎండిన కట్టెలాగా ఉంటుంది, మాట మాత్రం పచ్చిగా ఉంటుంది. ఏమవ్వా, మా పిల్ల నీకు ఎరుకంట గదా, ఈసారి బెల్లం నువ్వే చూసి పెట్టు అంది. బెల్లం తర్వాత, ఈ పిల్ల కాలేజీలో ఉండాలి కదా అన్నాను. నేనేం రమ్మనలే అవ్వా, పాఠం తలకెక్కనప్పుడు రైలు పాసు దేనికి దండగ, నేనూ పార పడతా అని తనే బండెక్కింది, అంది.

ఏ పాఠం ఎక్కలేదు అని మూటలకేసి అడిగాను. తరుగుదల అని చిన్న గొంతు వినబడింది, మీరు డిప్రిసియేషన్ అనేది.

బయట ఆటోలో వాళ్ళ పారలున్నాయి. ఒకటి తెమ్మన్నాను. అది హంపమ్మది. కొన్నప్పుడు ఎంతుండె అని అడిగితే ఆమె జానెడు మీద నాలుగు వేళ్ళు పెట్టి చూపించింది. ఇప్పుడు జానెడు కూడా లేదు. ఆ ఇనుమంతా యాడికి పోయింది అని నాగలతను అడిగాను. మట్టి తినింది అంది. అట్లా అరిగినందుకు ఈ ఏడు నీ చేతిలో నుంచి ఎవరికైనా దుడ్లు ఇచ్చినావా అన్నాను. లే అంది. అయితే అది ఖర్చా, కాదా? పార అంచు మీద వేలు రాసి చూసింది. ఖర్చే అవ్వా, దుడ్లు పోకుండా పోయే ఖర్చు, అంది.

అక్కడితో ఊరుకుందా? కొత్త పార తొందరగా అరుగుతాదా, పాతదా? ఏటా ఒకే లెక్కన ఎట్ల తగ్గిస్తారు? రోంత మిగిలినప్పుడు రోంతే గదా తగ్గించాల? ఏటా ఒకే మొత్తం తగ్గించడం ఒకటి, మిగిలిన విలువ మీద తగ్గించడం ఒకటి, మీరు పుస్తకంలో రెండు పద్ధతులని చెప్పేది ఇదే కదా. ఎవరూ చెప్పకముందే రెండో పద్ధతి దగ్గరికి తనే నడిచి వచ్చింది. నేను చెబుతూ ఉంటే అడుగుతూనే ఉంది. నా గొంతు ఆరిపోయింది. చివరికి హంపమ్మ మధ్యలో వచ్చి, అయితే నా నడుముకూ ఏటా తరుగుదల రాయమను మీ మేడంను అంది. అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ నడుము చూశాక నవ్వు నిలవలేదు.

నీ క్లాసులో నోరు లేని పిల్ల ఈమే.

హంపమ్మ పప్పు తూకం దగ్గర నిలబడ్డప్పుడు నేను ఆ పిల్లను పక్కకు పిలిచాను. నన్ను ఇంతగా అడిగినదానివి, మేడంను ఎందుకు అడగవు అన్నాను. మేడం నిన్ను నలుగురిలో ఆ మాట అన్నందుకా అని కూడా అడిగాను. ఆమె ఒకసారి తల్లికేసి చూసి, నా స్టూలు దగ్గరికి జరిగి, జవాబు చెప్పింది. చెప్పి, ఇది మేడంకు తెలియగూడదు, ఉత్తరంలో గూడా రాయొద్దు, నా మీద ఒట్టు అని నా చెయ్యి పట్టుకుంది. మాట ఇచ్చాను. కనుక ఈ ఉత్తరంలో రాయను.

రాయగలిగింది రాస్తాను. మర్నాడు హంపమ్మ ఒక్కతే వచ్చింది, కొనడానికి కాదు. మధ్యాహ్నం తిండి దగ్గర నాగలత తక్కిన ఆడవాళ్ళ పారలన్నీ వరసగా పెట్టి, ఏది ఎంత అరిగిందో, దాని లెక్క ఎట్లా రాయాలో చెప్పిందట. మా పిల్ల మాట్లాడతాంటే ఆడోళ్ళు తిండి మరిసిరి అవ్వా, అంది. నేలకేసి చూస్తూ, ఇంత తెలివి పెట్టుకుని ఈడ మట్టి తవ్వుతాదా అని కూడా అంది. ఆమె ఆ మాట అనేదాకా నేను నోరెత్తలేదు. అప్పుడు, పంపించు అన్నాను. హంపమ్మ తల పంకించింది. ఒక వారం చూస్తా, పాఠం తలకెక్కితే ఆడనే ఉండనీ, ఎక్కకుంటే మల్లా వచ్చి పార పట్టాల, ఈడ చేతులు తక్కువ పడతాండాయి, అంది. ఆమె మాట అంటే మాటే. వారం అంటే వారమే.

కనుక సోమవారం నుంచి ఒక వారం ఆ పిల్ల నీ ఎదురుగా కూర్చుంటుంది. నువ్వు క్లాసు బల్ల ముందు ఉంటావో, మీ నాన్న ఖాళీ చేయించిన బల్ల ముందు ఉంటావో నీ ఇష్టం. నేను ఒత్తిడి చేయను. ఒక్కటి మాత్రం చెయ్యి. నా సంతకం దగ్గర ఆగిపోకుండా ఈ కాగితం చివరిదాకా చదివి, అప్పుడు నిర్ణయించుకో.

ఇట్లు,
నీ అవ్వ,
రాజ్యలక్ష్మమ్మ.

తా.క.: ఉత్తరంలో రాయనని మాట ఇచ్చాను. సంతకం పెట్టి ఉత్తరం ముగించాను. ముగించిన పద్దు కింద రాసింది ఆ పద్దులోకి రాదని నా వాదన.

ప్రిన్సిపాల్ గారు నిన్ను వరండాలో నిలబెట్టిన రోజు నాగలత కుళాయి దగ్గర సీసాలో నీళ్ళు పడుతోంది. పిల్లలు అన్నిసార్లు అర్థం కాలేదంటున్నారంటే మీకు చెప్పడం రాదన్నమాట, ఇట్లాగైతే వచ్చే ఏడు మిమ్మల్ని కొనసాగించలేము అని ఆయన అనడం ఆమె విన్నది. మర్నాడు అలవాటు కొద్దీ లేచింది. ఎన్నడూ కసురుకోని నువ్వు కసురుకున్నావు. అప్పుడు తట్టిందట, తను లేచిన ప్రతిసారీ నీ ఉద్యోగానికే చేటని. ఆ సాయంత్రం బండిలో తక్కిన పదిమందినీ కూర్చోబెట్టి, రేపటి నుంచి అర్థం కాలేదనే మాట ఎవరి నోటా రాగూడదు అని చెప్పింది. మేస్త్రీ మాట కదా, ఇవాళ్టిదాకా ఎవరూ తప్పలేదు.

ఎందుకే అని అడిగాను. మా బండి లేటైతే తక్కిన సారోళ్ళు తలుపేసుకుంటారు అవ్వా, మేడం ఒకతే మేం పోయినాంక పాఠం మల్లా మొదట్నుంచి చెప్తాది, అంది. మేం పరీచ్చ తప్పితే మల్లా రాసుకుంటాం, మేడం పోతే మల్లా రాదు గదా, అంది.

మేస్త్రీవా అన్నందుకు ఆమెకు కోపం లేదు. మేస్త్రీ అంటే తిట్టా అవ్వా, మా అమ్మ మేస్త్రీనే గదా, మేడం సారీ ఎందుకు చెప్పిందో మాకెవరికీ తెలీలే అని నన్నే అడిగింది.

వాళ్ళ లెక్కలో తప్పుంది. వాళ్ళు పరీక్ష తప్పితే ఆ మాటా నీకే వస్తుంది. అది నేను చెప్పలేదు. అది చెప్పవలసిన టీచరు నువ్వు. సోమవారం నువ్వు ఇవ్వబోయే కాగితంలో వదులుకునేది, ఆ పదకొండు మంది చదువు పోయినా సరేనని నోళ్ళు కట్టుకుని నీకు కాపాడుతున్న ఉద్యోగం. ప్రిన్సిపాల్ గారికి ఏం జవాబు చెప్పాలో ఇద్దరం తర్వాత ఆలోచిద్దాం.

ఈ ఉత్తరం తెచ్చింది నాగలతే. కవరు అంటించి ఇచ్చాను, విప్పదు. ఇప్పుడు నీ గుమ్మంలో నిలబడి ఉంటుంది, నువ్వు చెప్పందే కూర్చోదు. మొహంలో ఏమీ కనబడనివ్వకు. అవ్వ ఏం రాసింది మేడం అని అడుగుతుంది. మజ్జిగ తాగడం లేదని తిట్టింది అని చెప్పు. ఆమెను కూర్చోబెట్టి, ఏది అర్థం కాలేదో అడుగు.